ఫీనిక్స్ నుంచి ఒక్క రోజులో సెడోనా: ఎలా ప్లాన్ చేసుకోవాలి

"సెడోనాకి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?" ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, డాలస్ నుంచో బే ఏరియా నుంచో ఫ్రెండ్స్ లాంగ్ వీకెండ్‌కి దిగినప్పుడు ఫోన్ మోగుతుంది. వెళ్లి రావచ్చు, సులువుగానే. దాని వెనకాలే "ఏమేం చూడాలి?" అని అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. కారు ఎక్కడ ఆపుతారు, ఎన్నింటికి ఆపుతారు అన్నది ముందు తేల్చుకోండి. అది తేలకుండా పది చోట్ల లిస్టు రాసుకుని బయల్దేరినవాళ్లు రౌండబౌట్ల దగ్గర ట్రాఫిక్ చూసి తిరిగొస్తారు.

ఊరి గురించి ఒక్క ముక్క. సెడోనా అరిజోనాలో సుమారు పదివేల జనాభా ఉన్న చిన్న ఊరు. చుట్టూ ఎర్రటి ఇసుకరాతి కొండలు. రాతిలో ఉన్న ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ రంగు. ఊరు దాదాపు 4,300 అడుగుల ఎత్తులో ఉంటుంది, ఫీనిక్స్ 1,100 అడుగుల దగ్గర. అందుకే అక్కడ కాస్త చల్లగా ఉంటుంది. కానీ అదీ ఎడారే, ఈ సంగతి మర్చిపోయినవాళ్లే ఇబ్బంది పడతారు.

కావలసినవి

- నీళ్లు: నడిచే గంటకు మనిషికి ఒక లీటరు చొప్పున. ఇది కాక కారులో ఇంకో గ్యాలన్ క్యాన్.
- ఉప్పు: ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, లేదా ఉప్పు వేసిన నిమ్మరసం.
- పట్టున్న అడుగు ఉండే బూట్లు. చెప్పులు, క్రాక్స్ వద్దు.
- అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, పల్చటి పొడుగు చేతుల చొక్కా.
- నవంబర్ నుంచి మార్చి వరకు అయితే జాకెట్. మధ్యాహ్నం ఎండ ఉన్నా, పొద్దు వాలగానే చలి పట్టుకుంటుంది.
- ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్. ఓక్ క్రీక్ కాన్యన్ లోయలోకి వెళ్తే సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.
- రెడ్ రాక్ పాస్, అంటే నడకదారుల (ట్రెయిళ్ల) దగ్గర కారు ఆపడానికి కావలసిన పాస్: ఒక రోజుకు 5 డాలర్లు, వారానికి 15. చాలా ట్రెయిల్ పార్కింగుల దగ్గర మెషీన్ ఉంటుంది, కార్డుతో కొనుక్కోవచ్చు. గ్రాండ్ కాన్యన్‌కో మరెక్కడికో వెళ్లినప్పుడు తీసుకున్న నేషనల్ పార్కుల వార్షిక పాస్ మీ దగ్గర ఉంటే ఇది కొనక్కర్లేదు, అదే చెల్లుతుంది. చాలామంది అది పర్సులో పెట్టుకుని మళ్లీ డబ్బు కడుతుంటారు.
- టార్చిలైటు, చిన్న ట్వీజర్. ట్వీజర్ ఎందుకో కింద చెప్తాను.

1. నెల చూసుకోండి, తర్వాత వారం చూసుకోండి

మార్చి, ఏప్రిల్, అక్టోబర్, నవంబర్ నెలలు హాయిగా ఉంటాయి. కాబట్టి జనం కూడా అప్పుడే ఎక్కువ. జూన్, జూలైలో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటుతుంది. ఫీనిక్స్‌తో పోలిస్తే నయమే కానీ, ఎర్రరాయి మీద నీడ లేకుండా నడిచేటప్పుడు ఆ తేడా ఏమీ తెలియదు. వేసవిలో వెళ్లక తప్పదంటే ఉదయం పదికల్లా నడక ముగిసిపోవాలి.

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు వరకు అక్కడ మాన్సూన్ సీజన్. మన వానాకాలంలా రోజంతా ముసురు పట్టదు. పొద్దున్న నిర్మలంగా ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత ఒక్కసారిగా ఉరుములు, మెరుపులు. ఎండిపోయి ఉన్న వాగులు నిమిషాల్లో పొంగుతాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, బారికేడ్ పెట్టి ఉంటే, పక్కనుంచి దూరి వెళ్లొద్దు. అలా వెళ్లి ఇరుక్కుంటే బయటికి తీసిన ఖర్చు మీతోనే కట్టించే చట్టం అరిజోనాలో ఉంది. దానికి జనం పెట్టుకున్న పేరు 'తెలివితక్కువ డ్రైవర్ల చట్టం'.

వారంలో మంగళ, బుధవారాలు అన్నిటికన్నా ప్రశాంతం. శనివారం అన్నిటికన్నా కష్టం. ఒక్క రోజు సెలవు పెట్టగలిగితే వీకెండ్ ప్లాన్ మానేసి మంగళవారం వెళ్లండి. ఈ మొత్తంలో నేనిచ్చే ఒక్క సలహా పాటించాలంటే ఇదే పాటించండి.

2. ఒక్క నడక ఎంచుకోండి

రెండు ట్రెయిళ్లు పెట్టుకోవద్దు. ఒకటి నడక, ఒకటి సూర్యాస్తమయం, మధ్యలో తీరుబడిగా ఏదైనా ఒకటి. ఎవరితో వెళ్తున్నారన్న దాన్ని బట్టి:

*పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే:* బెల్ రాక్ పాత్‌వే. వెడల్పయిన మట్టి దారి, ఎక్కడం తక్కువ. ఎంతవరకు నడవగలిగితే అంతవరకు నడిచి వెనక్కి తిరగొచ్చు. అమ్మ చీరలో స్పోర్ట్స్ షూ వేసుకుని వచ్చినా ఇబ్బంది లేదు. ఓపిక ఉన్నవాళ్లు బెల్ రాక్‌నీ, పక్కనే ఉన్న కోర్ట్‌హౌస్ బ్యూట్‌నీ చుట్టి వచ్చే లూప్ చేయొచ్చు. సుమారు 4 మైళ్లు, రెండు నుంచి రెండున్నర గంటలు.

*కాస్త సాహసం కావాలంటే:* కెథీడ్రల్ రాక్. పోనూ రానూ కలిపి మైలున్నర కూడా ఉండదు. ఆ అంకె చూసి మోసపోతారు. దాదాపు 700 అడుగులు ఎక్కాలి, ఒక చోట రాతి పగుల్లో కాళ్లూ చేతులూ రెండూ వాడి పాకాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఎత్తంటే భయపడేవాళ్లు, చంటిపిల్లని ఎత్తుకున్నవాళ్లు వద్దు. తడి రాయి జారుతుంది. చలికాలంలో నీడపట్టున మంచు గడ్డకట్టి ఉంటుంది.

*ఫొటో కోసం అయితే:* డెవిల్స్ బ్రిడ్జ్, ఇసుకరాతిలో సహజంగా ఏర్పడ్డ పెద్ద తోరణం. మెస్కల్ లేదా డ్రై క్రీక్ విస్టా పార్కింగ్ వైపు నుంచి పోనూ రానూ సుమారు 4 మైళ్లు. పైన వంతెన మీద నిలబడి ఫొటో దిగడానికి క్యూ ఉంటుంది. వీకెండ్‌లో ఆ క్యూ చూస్తే తిరుమల గుర్తొస్తుంది. ఏడున్నరకల్లా అక్కడికి చేరుకునేలా ఉంటేనే పెట్టుకోండి.

3. మీరు వెళ్లే రోజు షటిల్ నడుస్తుందో లేదో చూడండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 2022 నుంచి ఊళ్లో ఉచిత షటిల్ బస్సులు నడుస్తున్నాయి. మామూలుగా గురువారం నుంచి ఆదివారం వరకు, రద్దీ సీజన్లలో వారమంతా. షటిల్ నడిచే వేళల్లో కెథీడ్రల్ రాక్, సోల్జర్ పాస్ ట్రెయిళ్ల పార్కింగ్ మూసేస్తారు. మ్యాప్ మిమ్మల్ని తిన్నగా ఆ గేటు దగ్గరికే తీసుకెళ్తుంది. అక్కడ ఆపనివ్వరు, వీధి పక్కన ఆపితే టికెట్ పడుతుంది.

కాబట్టి షటిల్ రోజైతే కారును పార్క్ అండ్ రైడ్ స్థలంలో పెట్టి బస్సెక్కండి. కెథీడ్రల్ రాక్‌కి 179 రోడ్డు మీద ఉన్న పార్క్ అండ్ రైడ్. డెవిల్స్ బ్రిడ్జ్ వైపు వెళ్లడానికి వెస్ట్ సెడోనాలో 89ఏ రోడ్డు మీద ఉన్నది, లేదా పాసీ గ్రౌండ్స్ పార్కు దగ్గరున్నది. అక్కడ పార్కింగ్ ఉచితం, రెడ్ రాక్ పాస్ కూడా అక్కర్లేదు.

చెక్ చేసుకోవాల్సినవి రెండు: ఆ రోజు బస్సు ఉందా, చివరి బస్సు ఎన్నింటికి. ముందు రోజు సెడోనా షటిల్ వెబ్‌సైట్‌లో చూసి, చివరి బస్సు టైము స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అది తప్పితే చీకట్లో రోడ్డు పక్కన నడుచుకుంటూ రావాలి.

బెల్ రాక్ వైపు మీ కారు మీదే వెళ్లొచ్చు. అక్కడి కోర్ట్‌హౌస్ విస్టా పార్కింగ్ వీకెండ్‌లో పొద్దున్నే నిండిపోతుంది. ఎనిమిదికి ముందు చేరితే టెన్షన్ ఉండదు.

4. సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

జూన్ ఆఖర్లో పొద్దు గుంకేసరికి దాదాపు 7.45 అవుతుంది. డిసెంబర్ మొదట్లో 5.20 కాకముందే గుంకుతుంది. అంటే చలికాలంలో మీ రోజు రెండున్నర గంటలు చిన్నది. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అరిజోనాలో చాలా భాగం డేలైట్ సేవింగ్ పాటించదు. వేసవిలో కాలిఫోర్నియా టైమే ఇక్కడా ఉంటుంది, చలికాలంలో ఒక గంట తేడా వస్తుంది.

మార్చి నెలకు నమూనా లెక్క:

- 5.15: ఇంటి నుంచి బయల్దేరడం
- 7.30: పార్కింగ్
- 7.45 నుంచి 10.15: నడక
- 10.30: కడుపునిండా తిండి
- 11.30 నుంచి 3.30: ఊరు, చాపెల్, కాస్త విశ్రాంతి
- 5.00: సూర్యాస్తమయం చూసే చోటికి చేరడం
- 7.15: తిరుగు ప్రయాణం

ఐదుంపావుకి ఇంట్లోవాళ్లు లేవరని మీరనొచ్చు. ఆరున్నరకి బయల్దేరితే తొమ్మిదికి చేరతారు, పార్కింగ్ వెతికేసరికి పది. నడక మొదలుపెట్టే సమయానికి ఎండ నెత్తిన ఉంటుంది. లేపండి.

5. ముందు రోజు రాత్రే సర్దేయండి

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు, నూనె ఉంటాయి కాబట్టి తొందరగా పాడవదు, చల్లారినా బాగుంటుంది. దద్దోజనం తీసుకెళ్లాలంటే ఐస్ పెట్టిన కూలర్ ఉండాలి, లేకపోతే వద్దు. చపాతీ చుట్టలు, వేరుశనగలు, ఖర్జూరాలు, నారింజలు ట్రెయిల్ మీద పనికొస్తాయి. చాక్లెట్లు కరిగిపోతాయి.

బయట తినాలనుకుంటే ఊళ్లో మెక్సికన్ హోటళ్లకు కొదవ లేదు. శాకాహారులు ఒక్కటి అడగాలి: ముద్దగా చేసిన బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని. కొన్ని చోట్ల వేస్తారు.

పెట్రోల్ ఫీనిక్స్‌లోనే నింపుకోండి.

6. దారి

ఫీనిక్స్ నుంచి ఐ-17 మీద ఉత్తరానికి, 298వ ఎగ్జిట్ దగ్గర దిగి 179 రోడ్డు పట్టుకోవాలి. మొత్తం సుమారు 115 మైళ్లు, రెండు గంటలు. చాండ్లర్, గిల్బర్ట్ వైపు నుంచైతే ఇంకో ఇరవై, ముప్పై నిమిషాలు కలుపుకోండి. బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక ఘాట్ లాంటి ఎక్కుడు వస్తుంది. పాత కారయితే ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద కన్నేసి ఉంచండి, పెరుగుతుంటే ఏసీ ఆపండి. ఎక్కుడు అయ్యాక సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియా ఉంది. పెద్దవాళ్లుంటే అక్కడ ఆగాల్సిందే, తర్వాత కార్డెస్ జంక్షన్ దాటితే క్యాంప్ వర్డే దాకా దాదాపు ఏమీ ఉండదు.

శుక్రవారం సాయంత్రం ఉత్తరానికి, ఆదివారం మధ్యాహ్నం నుంచి దక్షిణానికి ఈ రోడ్డు జామ్ అవుతుంది. ప్రమాదం ఏదైనా జరిగితే పక్కదారులు కూడా పెద్దగా లేవు. బయల్దేరే ముందు ట్రాఫిక్ ఒకసారి చూసుకోండి.

7. ట్రెయిల్ మీద

పాస్ కొన్నాక డ్యాష్‌బోర్డు మీద బయటికి కనిపించేలా పెట్టండి. జేబులో ఉన్న పాస్ లేనట్టే లెక్క.

దారి తప్పలేదని ఎలా తెలుస్తుంది? చాలా ట్రెయిళ్లలో వైరు బుట్టల్లో రాళ్లు నింపి గుర్తులు పెట్టారు. ఒక బుట్ట దగ్గర నిలబడితే తర్వాతిది కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకుండా వెనకటి బుట్ట దగ్గరికి వచ్చి చూడండి. అటూ ఇటూ అడ్డంగా నడిస్తే దారి తప్పడమే కాదు, నేల మీద నల్లగా గరుకుగా కనిపించే పొర పాడవుతుంది. అది జీవమున్న పొర, ఇసుకను పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ ఏర్పడటానికి ఏళ్లు పడుతుంది.

నీళ్లకు ఒక కచ్చితమైన నియమం: తెచ్చిన నీళ్లు సగం అయిపోయాయంటే, ఎంత దూరం మిగిలి ఉన్నా వెనక్కి తిరగండి.

ఇక ఎండ సంగతి. "మేం విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదెంత" అని నాన్నగారు అంటారు. విజయవాడలో చెమట ధారలు కడుతుంది, దాహం వేస్తుంది, మనిషే నీడకు చేరతాడు. ఇక్కడ గాలి పొడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు, కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. తలనొప్పి వచ్చేదాకా అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. అందుకే దాహంతో పని లేకుండా పదిహేను నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగించండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే తాగింది చాలలేదని అర్థం. కళ్లు తిరుగుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడుతున్నా నడక ఆపేసి నీడలో కూర్చోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. మాట తడబడుతుంటే వెంటనే 911కి ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు.

పిల్లలతో జాగ్రత్త: నాగజెముడు పళ్లు ఎర్రగా ముద్దుగా ఉంటాయి, ముట్టుకోవాలనిపిస్తుంది. పెద్ద ముళ్లు కనిపిస్తాయి కానీ, కంటికి ఆనని నూగు ముళ్లు వేళ్ల నిండా దిగుతాయి. ట్వీజర్ దానికే. అంటుకునే టేపు అద్ది లాగితే కొన్ని వచ్చేస్తాయి. రుద్దితే ఇంకా లోపలికి పోతాయి. రాతి పగుళ్లలో చేతులు పెట్టనివ్వొద్దు, ర్యాటిల్‌స్నేకులు ఉంటాయి. గిలక్కాయ చప్పుడు వినిపిస్తే కదలకుండా ఆగి, అదెక్కడుందో చూసుకుని, నెమ్మదిగా వెనక్కి జరగండి.

కెథీడ్రల్ రాక్ దిగేటప్పుడు నిటారుగా దిగడానికి ప్రయత్నించకుండా, కూర్చుని జరుగుతూ దిగండి. ప్యాంటు ఎర్రబడుతుంది, పర్వాలేదు.

8. మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడున్నర వరకు ఫొటోలకీ నడకకీ పనికిరాని సమయం. ఈ మూడింట్లో ఒకటి చాలు.

చాపెల్ ఆఫ్ ద హోలీ క్రాస్: 1956లో రెండు రాళ్ల నడుమ కట్టిన చర్చి. ప్రవేశం ఉచితం. పార్కింగ్ చిన్నది, పైకి ఏటవాలు దారి. సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు కాబట్టి దీన్ని చివరికి ఉంచుకోవద్దు.

అమితాభ స్తూపం: వెస్ట్ సెడోనాలో ఇళ్ల మధ్యనుంచి కాస్త ఎక్కితే వస్తుంది. 36 అడుగుల టిబెటన్ తరహా స్తూపం, 2004లో కట్టారు. అమరావతి చూసిన కళ్లకు దీని ఆకారం కొత్తగా ఉంటుంది. గోల ఉండదు, మా ఇంట్లో పెద్దవాళ్లకి ఊళ్లో అన్నిటికన్నా ఇదే నచ్చింది.

స్లైడ్ రాక్ స్టేట్ పార్క్: ఊరికి ఉత్తరాన ఏడు మైళ్లు, వాగులో రాతి మీద జారే చోటు. వేసవిలో పిల్లలుంటే ఇదే. దీనికి విడిగా టికెట్, పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు. ఇక్కడికి రావాలంటే నడక మానేసి పొద్దున్నే తిన్నగా ఇక్కడికే రండి.

వోర్టెక్స్ గురించి అడుగుతారు. బెల్ రాక్, కెథీడ్రల్ రాక్, ఎయిర్‌పోర్ట్ మెసా, బాయింటన్ కాన్యన్ దగ్గర ఏదో శక్తి ఉందని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే ఏమీ తెలియలేదు. దానికోసం డబ్బు కట్టి టూరు తీసుకోవడం మాత్రం దండగ, ఆ చోట్లన్నీ ఎలాగూ మీరు చూసేవే.

9. సాయంత్రం

రెండు మంచి చోట్లు. ఎయిర్‌పోర్ట్ మెసా మీద నుంచి ఊరంతా, వెనక కొండలన్నీ ఎర్రబారడం కనిపిస్తుంది. పెద్దవాళ్లకు నడక అక్కర్లేదు, పార్కింగుకి కొద్దిగా డబ్బు కట్టాలి, గంట ముందే చేరాలి. రెండోది క్రెసెంట్ మూన్ పిక్నిక్ స్థలం. ఓక్ క్రీక్ నీళ్లలో కెథీడ్రల్ రాక్ నీడ పడే ఫొటో మీరు చూసే ఉంటారు, అది ఇక్కడిదే. రెడ్ రాక్ పాస్ ఇక్కడ చెల్లదు, బండికి విడిగా టికెట్ తీసుకోవాలి. మూసే వేళ కూడా గేటు దగ్గరే చూసుకోండి.

సూర్యుణ్ణి చూడటానికి పడమటికి తిరిగి నిలబడొద్దు. రంగు పడేది తూర్పు వైపు కొండల మీద.

10. తిరుగు ప్రయాణం

ఆదివారమైతే మూడింటికి బయల్దేరి జామ్‌లో కూర్చునే బదులు సూర్యాస్తమయం చూసి, ఊళ్లోనే తిని, ఎనిమిదికి బయల్దేరడం మేలు. 179 మీద చీకట్లో జింకలు అడ్డం వస్తాయి, ఐ-17 ఎక్కేదాకా నెమ్మదిగా వెళ్లండి. సన్‌సెట్ పాయింట్ తర్వాత దిగుడులో బ్రేకు మీదే కాలుంచకుండా తక్కువ గేరు వాడండి. పొద్దున్న ఐదింటికి లేచిన మనిషే రాత్రి కూడా నడపకుండా డ్రైవింగ్ పంచుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*అదే రోజు గ్రాండ్ కాన్యన్ కూడా కలపడం.* సెడోనా నుంచి సౌత్ రిమ్‌కి రెండు గంటలు, అక్కడి నుంచి ఫీనిక్స్‌కి మూడున్నర. పొద్దున్నది కలిపితే కారులోనే ఏడున్నర గంటలు. రెండూ చూసినట్టు ఉంటుంది, ఏదీ చూసినట్టు ఉండదు.

*మామూలు కారుతో జీపు దారుల్లోకి దిగడం.* ష్నెబ్లీ హిల్ రోడ్డు మొదట్లో తారు ఉంటుంది, తర్వాత బండరాళ్లు. అద్దె కారయితే ఇన్సూరెన్స్ కూడా వర్తించకపోవచ్చు. ఆ దారులు చూడాలనుంటే జీపు టూరు తీసుకోండి.

*మైళ్లు చూసి ట్రెయిల్ ఎంచుకోవడం.* ఎన్ని అడుగులు ఎక్కాలో చూడండి. మైలుకు 300 అడుగులు దాటితే పెద్దవాళ్లకు వద్దు.

పదకొండింటికి చేరితే?

అలా జరిగితే నడక ఆశ అక్కడితో వదిలేయండి. పార్కింగ్ కోసం ట్రెయిళ్ల చుట్టూ తిరగొద్దు. అప్‌టౌన్‌లో పబ్లిక్ పార్కింగ్‌లో గానీ, ట్లాకెపాకీ షాపుల దగ్గర గానీ కారు పెట్టి భోజనం కానివ్వండి. మూడు దాటాక పొద్దున వచ్చినవాళ్లు వెళ్లిపోవడం మొదలవుతుంది, అప్పుడు కోర్ట్‌హౌస్ విస్టాలో చోటు దొరికే అవకాశం ఎక్కువ. బెల్ రాక్ దారిలో ఓ అరగంట లోపలికి నడిచి, పొద్దు గుంకడానికి గంట ముందే వెనక్కి తిరగండి. టార్చిలైటు మాత్రం కారులో వదిలేయకుండా వెంట తీసుకెళ్లండి.